అరచేతిలో మన దుకాణం ఎలా కనబడుతోంది?

బేతంచెర్లలో రైలు దిగిన వారిని ముందుగా పలకరించేది రాయి కోసే చప్పుడు. పాలిష్ ఫ్యాక్టరీల్లో చక్రాలు తిరుగుతుంటాయి, నీళ్లు కారుతుంటాయి, బూడిదరంగు బురద కాలువల్లో పారుతుంటుంది. ఇక్కడి నాపరాళ్లు, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతపు కడప బండలు దేశంలో ఎన్ని ఊళ్లలో ఇంటి నేలలయ్యాయో, వంటగదుల అరుగులయ్యాయో లెక్కగట్టడం కష్టం. మా మేనమామ కూడా ఇరవై ఏళ్లకు పైగా ఇదే వ్యాపారంలో ఉన్నారు. రెండు యంత్రాలు, ఎనిమిది మంది పనివాళ్లు, రోడ్డు పక్కన ఓ రేకుల షెడ్డు. అందులో గాజు తలుపుల చిన్న ఆఫీసు గది, ఆ గదిలో ఓ కంప్యూటరు. ఆ కంప్యూటరులో మామూగారికి ఎంతో ఇష్టమైన వస్తువు ఒకటుంది. అది ఆయన వ్యాపారానికి చేయించుకున్న వెబ్‌సైటు.

కిందటేడు ఓ నికాహ్ విందులో ఆయనకు పక్క వరుసలో కూర్చున్న దూరపు బంధువు ఒకరు కలిశారు. కువైట్‌లో ఉద్యోగం. కడపలో ఇల్లు కట్టిస్తున్నారు. నేలకూ మెట్లకూ కలిపి దాదాపు రెండు వేల చదరపు అడుగుల బండ కావలసి వచ్చిందట. "నీ దగ్గరే తీసుకుందామని రాత్రి డ్యూటీ దిగినాక సైటు తెరిచినా అన్నా. అక్షరాలు కనపడలే. నెంబరు మీద నొక్కితే పోలే. ఫొటోలు వచ్చేలోగా నిద్ర వచ్చె. ఇంగ వేరే వాళ్లకు చెప్పేసినా, ఏమనుకోవద్దు" అన్నారాయన. మామూగారు ఏమీ అనలేదు గానీ ఆ పూట బిర్యానీ సరిగా తినలేదన్నది మేము కళ్లారా చూశాము.

ఇంటికి వచ్చాక అసలు కోపం బయటపడింది. "అంత డబ్బు పోసి చేపించినాం గదరా! కంప్యూటర్లో ఎంత బాగుండాదో నువ్వే చూడు" అన్నారు. చూశాము. నిజంగానే బాగుంది. పైన కొండ బొమ్మ, కింద కదిలే అక్షరాలు, పక్కన ఐదు గళ్ల ధరల పట్టిక. అప్పుడు మా జేబులోని ఫోను తీసి అదే సైటును అందులో తెరిచి ఆయన చేతికిచ్చాము. మొత్తం పేజీ అగ్గిపెట్టె మీది బొమ్మలా కుదించుకుపోయి కనబడింది. అక్షరాలు ఆవగింజలంత ఉన్నాయి. వేళ్లతో లాగి పెద్దది చేస్తే ధర ఒక పక్కకు, సైజు మరో పక్కకు జారిపోతున్నాయి. ఆ సైటు తయారైనప్పటి నుంచి మామూగారు దానిని ఒక్కసారైనా ఫోనులో చూసుకోలేదట! చేసిచ్చిన వారూ చూపించలేదు. వారి పేరు ఇక్కడ మాకు అనవసరం. అలాంటి సైట్లు మన రెండు జిల్లాల్లో ఇంకా చాలానే ఉన్నాయి.

పాఠకులు ఓ మాట ఆలోచించండి. మన ఇళ్లలో కంప్యూటరు ఉన్న ఇళ్లు ఎన్ని? ఫోను లేని ఇల్లు ఎక్కడైనా ఉందా? 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలయ్యాక డేటా ధర ఒక్కసారిగా పడిపోయింది. కంప్యూటరు ముఖమే చూడని లక్షల మందికి ఇంటర్నెట్ అంటే ఫోనే అయింది. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ల సంగతి సరేసరి. పది మంది ఉండే గదిలో మంచం మీద పడుకుని, ఇంటి ఫొటోలూ సిమెంటు లెక్కలూ పెళ్లి సంబంధాలూ అన్నీ ఆ ఐదారు అంగుళాల అద్దంలోనే చూసుకుంటారు. దుకాణం గడప ఇప్పుడు అక్కడికి మారింది. మనం మాత్రం ఆఫీసు గదిలోని కంప్యూటరులో చూసుకుని మురిసిపోతున్నాము.

జబ్బు ఎక్కడుంది?

ఈ కుదించుకుపోవడం వెనుక చిన్న చరిత్ర ఉంది. 2007లో ఐఫోను వచ్చేనాటికి సైట్లన్నీ కంప్యూటరు తెర కోసం తయారైనవే. వాటిని ఫోనులో చూపించాలి కాబట్టి, ఆ ఫోను ఓ ఉపాయం పన్నింది. ప్రతి పేజీ 980 చుక్కల వెడల్పు ఉందనుకుని, దానిని మొత్తంగా కుదించి చూపింది. ఈ చుక్కలనే పిక్సెల్స్ అంటారు. తరువాత వచ్చిన ఫోన్లు కూడా దాదాపు ఇదే దారి పట్టాయి. "ఈ పేజీ ఫోను వెడల్పుకు తగ్గట్టు తయారైంది, కుదించవద్దు" అని చెప్పడానికి పేజీ తలభాగంలో ఒక్క వాక్యం రాయాలి. దానిని వ్యూపోర్ట్ ట్యాగ్ అంటారు. మామూగారి సైటులో ఆ వాక్యం లేదు.

అయితే ఆ ఒక్క వాక్యం చేర్చినంత మాత్రాన పని అయిపోదు. పేజీ లోపలి గళ్లన్నీ స్థిరమైన వెడల్పుతో ఉంటే, కుదించడం ఆగిపోయి, పేజీ కుడివైపు తెర బయటికి పొడుచుకువస్తుంది. ఈథన్ మార్కాట్ అనే అమెరికన్ డిజైనరు 2010 మే నెలలో ఓ వ్యాసం రాసి దీనికి దారి చూపాడు. వెడల్పులను చుక్కల్లో గాక శాతాల్లో చెప్పడం, బొమ్మలు తామున్న గడిని దాటకుండా కట్టడి చేయడం, తెర వెడల్పును బట్టి అమరిక మార్చే నియమాలు రాయడం అనే మూడింటినీ కలిపి ఆయన రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టాడు. మన ఇళ్లలో దస్తర్‌ఖాన్ పరిచే తీరు ఇందుకు దగ్గరి పోలిక. పెద్ద హాలైతే రెండు వరుసలుగా పరుస్తాము. ఇరుకు గదైతే మడిచి ఒకే వరుస వేస్తాము. వంటకాలు మాత్రం ఏవీ తగ్గవు. సైటు కూడా అంతే. కంప్యూటరులో మూడు గళ్లు పక్కపక్కన ఉంటే, ఫోనులో ఒకదాని కింద ఒకటి రావాలి. ఫోనుకు ఓ సైటు, కంప్యూటరుకు మరో సైటు అని రెండు పెట్టుకోవలసిన పని లేదు. రెండు పెట్టుకున్న వారిలో చాలామంది ఒకదానిలో ధర మార్చి రెండోదానిలో మరిచిపోయిన వారే.

"వంటకాలు తగ్గవు" అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. ఫోనులో చోటు చాలదని కొందరు సగం సమాచారాన్ని దాచేస్తారు. అది చేజేతులా చేసుకునే నష్టం. ఫోనుకు అనువైన పేజీలకు ఫోను వెతుకులాటలో ముందుచోటు ఇస్తామని గూగుల్ 2015 ఏప్రిల్ 21 నుంచి అమలు చేసింది. తరువాత ఇంకో అడుగు వేసి, సైటును ఫోను కంటితోనే చదివి తన చిట్టాలో రాసుకుంటామని 2016 నవంబరులో ప్రకటించింది. ఆ మార్పు 2018 నుంచి దశలవారీగా జరిగి 2023 అక్టోబరు నాటికి పూర్తయింది. అంటే కంప్యూటరు తెర మీద ఎంత రాసుకున్నా, ఫోను పేజీలో లేనిది గూగుల్ లెక్కలో లేనట్టే.

బొమ్మల బరువు

మామూగారి సైటును సరిచేసే పని ఆయన చిన్న కూతురు తలకెత్తుకుంది. కడపలో బీకాం కంప్యూటర్స్ చదువుతోంది. "దీనికి ఏం తెలుసు, చిన్నపిల్ల" అని ఆయన మొదట కొట్టిపారేశారు. "అబ్బా, నాలుగు రోజులివ్వు. చెడిపోతే పాతదే మళ్లీ పెట్టేస్తా, కాపీ తీసి పెట్టినా" అంది. కాపీ తీసి పెట్టుకోవడం అన్న ఆ ఒక్క జాగ్రత్త చూసి ఈ పిల్లకు పని తెలుసని మాకు నమ్మకం కుదిరింది.

ఆమె ముందుగా పట్టుకున్నది ఫొటోలను. రాయి వ్యాపారంలో సరుకును చూపించేది ఫొటోయే. కాబట్టి ఎవరైనా ఫొటోలను గుప్పిస్తారు. ఈ సైటు మొదటి పేజీలో పద్దెనిమిది ఫొటోలున్నాయి. ఒక్కొక్కటి కెమెరాలో తీసింది తీసినట్టే, నాలుగైదు ఎంబీల బరువుతో ఎక్కించారు. ఫోను తెరకు అంత అవసరమే లేదు. వెడల్పు వెయ్యి చుక్కలకు తగ్గించి, వెబ్‌పీ అనే రూపంలోకి మారిస్తే అదే ఫొటో నూటయాభై, రెండు వందల కేబీలకు దిగుతుంది, కంటికి తేడా తెలియదు. ఐఫోన్లలో కూడా 2020 నుంచి ఈ రూపం తెరుచుకుంటోంది. ఇందుకు డబ్బు పెట్టి ఏదీ కొననక్కరలేదు. గూగుల్ వారి స్క్వూష్ అనే పనిముట్టు బ్రౌజరులోనే ఉచితంగా పనిచేస్తుంది. ఆ పిల్ల పద్దెనిమిది ఫొటోలను ఆరుకు తగ్గించింది. మిగిలినవాటిని లోపలి పేజీలకు పంపింది. పేజీ కిందిభాగంలోని ఫొటోలు చూసేవాడు అక్కడికి చేరాకే దిగేలా ఓ చిన్న మాట చేర్చింది. దానిని లేజీ లోడింగ్ అంటారు. పైనున్న మొదటి ఫొటోకు మాత్రం ఆ మాట పెట్టకూడదు. పెడితే ఉన్నది కాస్తా ఆలస్యమవుతుంది.

మరొక లోపం మాకు బాగా గుర్తుండిపోయింది. ఫోను నెంబరు నొక్కబోయే సరికి పైనుంచి ఓ ఫొటో దిగి, పేజీ కిందికి జరిగి, వేలు వేరే చోట పడేది. అందరికీ అనుభవమైన చికాకే ఇది. ప్రతి ఫొటోకూ దాని వెడల్పు, ఎత్తు ముందుగానే రాసి ఉంచితే బ్రౌజరు ఆ మేరకు చోటు అట్టిపెడుతుంది, పేజీ గెంతదు. ఇలాంటివాటికి గూగుల్ మూడు కొలతలు పెట్టింది. పేజీలోని ముఖ్యమైన పెద్ద భాగం 2.5 సెకన్ల లోపు కనబడాలి. నొక్కినప్పుడు 200 మిల్లీసెకన్ల లోపు స్పందన ఉండాలి. గెంతులాట లెక్క 0.1 మించకూడదు. సైటుకు వచ్చిన నాలుగు సార్లలో కనీసం మూడు సార్లు ఇలా ఉండాలన్నది నియమం. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత పేజీలో మీ సైటు పేరు కొడితే ఫోనుకు వేరుగా, కంప్యూటరుకు వేరుగా నూటికి ఇన్ని అని మార్కులు చూపిస్తుంది. లోగడ మొబైల్ ఫ్రెండ్లీ టెస్ట్ అని ఒకటుండేది. గూగుల్ దానిని 2023 డిసెంబరులో తీసేసింది. పాత పుస్తకాలు చూసి దానికోసం వెతకవద్దు.

మార్కులు చూసి మురిసిపోవడం కన్నా మేలైన పరీక్ష ఒకటుంది. బేతంచెర్ల నుంచి డోన్ వైపు రైల్లో వెళుతూ, సిగ్నలు వచ్చీ పోయే చోట, ఇంట్లో అందరికన్నా చవక ఫోనులో మీ సైటు తెరవండి. మేము అలాగే చేశాము. పాత సైటు ఓ స్టేషను దాటినా తెరుచుకోలేదు.

ఫొటోల గురించే మరో మాట. తడిపిన బండను ఫొటో తీస్తే నిగనిగలాడే నలుపు వస్తుంది. ఆరాక అది బూడిదరంగు. ఫొటోలో నలుపు చూసి కొన్నవాడు ఇంటికి వచ్చిన బూడిదరంగు చూసి ఏమనుకుంటాడు? లోపం దాచి సరుకు అమ్మకూడదన్నది మన ఇళ్లలో చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. ఇప్పుడు ఆ సైటులో ప్రతి రాయికీ రెండు ఫొటోలున్నాయి. ఒకటి పొడిది, ఒకటి తడిది. పక్కన ఓ టేపు పరిచి మందం కనబడేలా తీశారు. మామూగారు దీనికి కాస్త గునిశారు. కానీ ఒప్పుకున్నారు.

వేలికి అందే నెంబరు

కువైట్ బంధువు నెంబరు మీద నొక్కితే ఎందుకు పోలేదు? ఆ నెంబరు అక్షరాల్లో లేదు, బొమ్మలో ఉంది! పైనున్న కొండ బొమ్మ మీదే కంపెనీ పేరు, నెంబరు, చిరునామా అన్నీ రంగురంగుల్లో చెక్కేశారు. బొమ్మలోని నెంబరు నొక్కితే పోదు, కాపీ కాదు, గూగుల్ వెతుకులాటకూ సరిగా అందదు. వై.వి. స్ట్రీట్ చీరల దుకాణం కావచ్చు, ప్రొద్దుటూరు బంగారు అంగడి కావచ్చు, ఆదోని బట్టల వ్యాపారి కావచ్చు, నికాహ్‌లకు దేగ్ ఎత్తే వంట మాస్టరు కావచ్చు. మీ సైటులో ఇంకేమీ మార్చలేకపోయినా ఈ ఒక్కటీ ఈ రోజే మార్చండి. నెంబరును అక్షరాల్లో రాయించి, నొక్కితే నేరుగా ఫోను మోగేలా లింకు పెట్టించండి. ముందు ప్లస్ 91 తప్పనిసరి. అది లేకపోతే గల్ఫ్ నుంచి నొక్కినవారికి కాల్ కలవదు. వాట్సాప్‌కు కూడా అలాంటి లింకే ఉంటుంది. అందులో మాత్రం ప్లస్ గుర్తు గానీ ముందు సున్నాలు గానీ లేకుండా 91తో మొదలుపెట్టి నెంబరు రాయాలి. ఈ తేడా తెలియక పెట్టిన లింకులు ఎక్కడికీ పోక తెల్లమొహం వేస్తుంటాయి.

మీట ఎంత పెద్దదిగా ఉండాలి? ఆపిల్ వారు 44 పాయింట్లు అంటారు. ఆండ్రాయిడ్ వారి లెక్క ప్రకారం దాదాపు తొమ్మిది మిల్లీమీటర్లు. మేము చెప్పేది ఇంకా సులువు. బండలు పరిచే మేస్త్రీ బొటనవేలికి అందాలి. కాయలు కాచిన ఆ వేలు పక్క మీట మీద పడకుండా చుట్టూ కాస్త ఖాళీ ఉండాలి. రాయి కొనేది ఇంటి యజమానే అయినా, ఏ రాయి, ఎంత మందం అని తేల్చేది చాలాసార్లు మేస్త్రీయే కదా.

డబ్బు కట్టే క్యూఆర్ కోడ్ విషయంలో నవ్వు తెప్పించే సంగతి ఒకటి జరిగింది. పాత సైటులో పెద్ద క్యూఆర్ బొమ్మ పెట్టి, స్కాన్ చేసి అడ్వాన్సు కట్టండి అని రాశారు. ఫోనులో చూస్తున్నవాడు ఆ ఫోనులోని బొమ్మను అదే ఫోనుతో ఎలా స్కాన్ చేస్తాడు? ఇంట్లో రెండో ఫోను అడిగి తెచ్చుకోవాలి, లేదా ఫొటో తీసి దాచుకుని యాప్‌లో మళ్లీ తెరవాలి. క్యూఆర్ కోడ్ గల్లాపెట్టె దగ్గర గోడకు అతికించడానికి బాగుంటుంది. సైటులో యూపీఐ ఐడీని కాపీ చేసుకునేలా అక్షరాల్లో రాయడమే మేలు. అది కూడా ముందు శాంపిలు చూపించి, మాట ఖాయమయ్యాకే.

ఐదు గళ్ల ధరల పట్టికను ఆ పిల్ల విడగొట్టేసింది. ఇప్పుడు ఒక్కో రాయికీ ఓ చిన్న పెట్టె. అందులో పేరు, సైజు, మందం, పాలిష్ రకం, చదరపు అడుగు ధర ఒకదాని కింద ఒకటి వస్తాయి. వివరాలడిగే ఫారంలో పదకొండు గళ్లుండేవి, తండ్రి పేరు కూడా అడిగారెందుకో! ఇప్పుడు మూడే ఉన్నాయి. పేరు, నెంబరు, ఎన్ని చదరపు అడుగులు. నెంబరు గడిలో వేలు పెడితే అంకెల మీటలే పైకి వస్తాయి. గళ్లలోని అక్షరాలు 16 చుక్కలకు తగ్గితే ఐఫోను ఉన్నట్టుండి పేజీని పెద్దది చేసేస్తుందని కూడా ఆమే చెప్పింది. ఇది మాకు తెలియదు. సైటు తెరవగానే ముఖం మీదికి వచ్చి పడే స్వాగత పలకను కూడా తీసేసింది. ఫోనులో విషయాన్ని కప్పేసే అలాంటి పలకలున్న పేజీలను గూగుల్ 2017 జనవరి నుంచి వెనక్కి నెడుతోంది.

తెలుగు, ఉర్దూ అక్షరాల సంగతి

మన దుకాణాల బోర్డుల మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. సైటులో మాత్రం ఇంగ్లీషు ఒక్కటే ఉంటుంది. అదేమని అడిగితే తెలుగు పెడితే పిచ్చి గీతలు వస్తున్నాయంటారు. కారణం ఏమంటే, కరపత్రాలు, శుభలేఖలు అచ్చువేసే చోట వాడే పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు అచ్చుకే పనికొస్తుంది. ఆ ఫాంటు లేని ఫోనులో అది అర్థం లేని గుర్తులుగా మారిపోతుంది. యూనికోడ్‌లో కొట్టిన తెలుగైతే ఏ ఫోనులోనైనా కనబడుతుంది. యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లోనే, తెలుగుకు చోటు దక్కింది. ఫోనులో మనం వాట్సాప్‌లో కొట్టే తెలుగంతా అదే.

తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషుకు పెట్టినంత వరుసల దూరం చాలదు. ఒకటిన్నర రెట్లకు పైనే ఉంచాలి. నస్తాలీఖ్‌లో రాసిన ఉర్దూకైతే ఇంకా ఎక్కువ కావాలి, ఆ భాగం కుడి నుంచి ఎడమకు నడవాలని పేజీకి విడిగా చెప్పాలి. లేకపోతే చుక్కలన్నీ కిందివరుస తలమీద కూర్చుంటాయి. అందమైన ఫాంట్లు బయటినుంచి దింపుకుంటే బరువు పెరుగుతుంది. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోనులోనూ చదవదగ్గ తెలుగు ఫాంటు లోపలే ఉంటుంది, చిన్న వ్యాపారానికి అది చాలు. తెలుగు అంటే పెద్ద కంపెనీలకు కూడా తికమకే లెండి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న ఒక్క అక్షరం వస్తే చాలు ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఆపిల్ వారు ఆ నెలలోనే సరిదిద్దుకోవలసి వచ్చింది. 'విజ్ఞాన్' అని పేరున్న బడి ఏదైనా ఆ రోజుల్లో ఐఫోనుకు సందేశం పంపి ఉంటే ఏమయ్యేదో!

పేర్ల విషయంలోనూ జాగ్రత్త కావాలి. కడప ఇంగ్లీషు స్పెల్లింగు 2005లో మారింది. కానీ బయటి రాష్ట్రాల కట్టడాల వాళ్లు ఇప్పటికీ 'కుడ్డపా స్టోన్' అని పాత స్పెల్లింగుతోనే వెతుకుతారు. మనవాళ్లు కడప బండలు అంటారు, నాపరాళ్లు అంటారు, ఫోనులో నోటితో అడిగేవారు తెలుగులోనే అడుగుతారు. ఈ పేర్లన్నీ పేజీలో మాటల మధ్య సహజంగా రావాలి. చిరునామా సంగతి కూడా చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4 నుంచి బేతంచెర్ల నంద్యాల జిల్లాలో ఉంది. మామూగారి సైటులో నిన్నమొన్నటి దాకా కర్నూలు జిల్లా అనే ఉండేది.

వాట్సాప్ చాలదా?

మేము ఇదంతా చెబుతుంటే మామూగారి మిత్రుడొకరు అడ్డుతగిలారు. "ఎందుకప్పా ఈ తలనొప్పి? వాట్సాప్‌లో ఫొటోలు పెడితే సరిపాయె" అన్నారు. మాటలో నిజం లేకపోలేదు. 2018లో మన దేశానికి వచ్చిన వాట్సాప్ బిజినెస్‌తో చిన్న వ్యాపారులు బాగా నెట్టుకొస్తున్నారు. తెలిసినవారితో వ్యాపారానికి అది చాలు. మనల్ని తెలియనివారు, గూగుల్‌లో వెతికేవారు మన దగ్గరికి రావాలంటే మాత్రం చాలదు. పైగా అది అద్దె ఇల్లు. గూగుల్ వారే చిన్న దుకాణాలకు ఉచితంగా ఓ పేజీ సైటు కట్టుకునే సౌకర్యం ఇచ్చేవారు. ఎందరో దానిమీదే ఆధారపడ్డారు, ఆ చిరునామానే విజిటింగ్ కార్డుల మీద అచ్చువేయించుకున్నారు. 2024 మార్చిలో గూగుల్ వాటన్నిటినీ మూసేసింది. మరో మూడు నెలల పాటు ఆ చిరునామాకు వచ్చినవారిని దుకాణపు మ్యాప్ వివరాల వైపు మళ్లించి, జూన్‌లో అదీ ఆపేసింది. సొంత పేరుతో తీసుకున్న చిరునామా అయితే, ఏటా రుసుము కడుతున్నంత కాలం మనది. దానికి తాళం గుర్తు కూడా ఉండాలి. లేకపోతే 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజరు మన సైటు పేరు పక్కనే సురక్షితం కాదని చూపుతోంది. ఆ తాళానికి కావలసిన పత్రం లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ నుంచి ఉచితంగానే దొరుకుతుంది. దీనికి ఎవరైనా వేలకు వేలు అడిగితే ఒకసారి ఆలోచించండి.

గూగుల్ మ్యాపులోని దుకాణపు వివరాలు మాత్రం ఇప్పటికీ ఉచితమే, వాటిని వదులుకోవద్దు. శుక్రవారం జుమా వేళ మూసి ఉంచేవారు ఆ సంగతి అక్కడ రాయాలి. రంజాన్‌లో వేళలు మారితే ఆ నెలకు ప్రత్యేక వేళలు పెట్టే వీలుంది. పులివెందుల నుంచో రాయచోటి నుంచో ఆటో కట్టించుకుని వచ్చినవాడు తాళం చూసి వెనక్కి పోతే, ఆ మనిషి మళ్లీ రాడు.

ఎండలో చూశారా?

నాలుగు రోజులన్నది తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు మామూగారిని కూర్చోబెట్టి కొత్త సైటు చూపించారు. ఆయన గదిలో చూసి తల ఊపారు. తరువాత ఓ పనివాడి పాత ఫోను అడిగి తీసుకుని, షెడ్డు బయటికి, బండలు పేర్చిన ఆవరణలోకి నడిచారు. ఏప్రిల్ ఎండ. మన సీమ ఎండ ఎలాంటిదో చెప్పనక్కరలేదు. "ఏమీ కనపళ్లేదే!" అని అక్కడినుంచే కేకేశారు. తెల్లటి పేజీ మీద లేత బూడిదరంగు అక్షరాలు పెట్టింది ఆ పిల్ల, చూడ్డానికి సొగసుగా ఉంటుందని. ఎండలో అవి మాయమయ్యాయి. అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య తేడా కనీసం నాలుగున్నర రెట్లు ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. చూపు మందగించినవారిని దృష్టిలో పెట్టుకుని చేసిన నియమమది. క్వారీలో నిలబడిన కంటిచూపు బాగున్న మనిషికీ అది అవసరమేనని మాకు అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రమే అక్షరాలను ముదురు నలుపు చేసి, కాస్త పెద్దవి చేసింది. మర్నాడు మధ్యాహ్నం మామూగారు అదే ఫోనుతో అదే చోట నిలబడ్డారు. పైనుంచి కిందికి చదివారు. పొడి ఫొటో, తడి ఫొటో చూశారు. ధర ఒకటి తప్పు పడిందని పట్టుకున్నారు. ఆ తరువాత పచ్చరంగు మీట మీద బొటనవేలు పెట్టారు. జేబులోని ఆయన సొంత ఫోను మోగింది. తీసి చెవి దగ్గర పెట్టుకుని, రెండో చేతిలోని ఫోనుతో తనలో తనే "హలో, ఎవురూ?" అన్నారు. కూతురు షెడ్డు గడప దగ్గర నిలబడి నవ్వుతోంది.

కడప ఇల్లు అప్పటికే పూర్తయింది. అందులో పరిచిన బండలు వేరేవారివి. మేము గృహప్రవేశానికి వెళ్లినప్పుడు మామూగారు వంగి, ఓ బండ అంచు మీద వేలు రాసి చూసి, "పాలిష్ ఫర్వాలేదు" అన్నారు.